రానివాళ్ల ఇంటికి ఎవరు వెళ్తారు?

మీ ప్రశ్న చాలా పెద్దగా ఉంది. అందుకే మిగతావాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీరు హైదరాబాద్ శివారులో ఫ్లాట్ కొనుక్కున్నారు. మీ కాంపౌండు గోడకు అవతల బస్తీ. అందులో రెండు గదుల సంస్థ ఒకటి నడుస్తోంది. సాయంత్రం పిల్లలకు ట్యూషన్, ఆదివారం ఆడవాళ్ల మీటింగు, కుర్రాళ్లకు ఒక క్యారమ్ బోర్డు. "అంగన్‌వాడీ ఉంది, సర్కారు బడి ఉంది, బోలెడు పథకాలున్నాయి. మళ్లీ ఈ చిన్న సంస్థతో ఒరిగేదేంటి? సాయం చేయాలంటే డబ్బివ్వాలా, టైం ఇవ్వాలా? ఇంటర్ చదివే మా అమ్మాయిని కూడా తీసుకెళ్లొచ్చా?" అని అడిగారు.

నా సంగతి రెండు ముక్కల్లో. పల్లెల్లో మహిళా పొదుపు సంఘాల దగ్గర సీసీగా, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్‌గా మొదలుపెట్టాను. తర్వాత నగరానికి వచ్చి బస్తీ పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థలో ఏళ్ల తరబడి ఉన్నాను. ఇప్పుడు రిటైరయ్యాను గానీ ఫోన్లు రావడం మానలేదు.

మన దగ్గర పథకాలకు కొదవ లేదన్న మీ మాట నిజమే. అంగన్‌వాడీలో గుడ్డు, బడిలో మధ్యాహ్న భోజనం, మధ్యలో చదువు ఆగిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు, ఆపదలో ఉన్న పిల్లలకు 1098, ఆడవాళ్లకు 181, ఉచిత న్యాయ సహాయానికి 15100. అన్నీ ఉన్నాయి. కాకపోతే ఇవన్నీ వచ్చినవాళ్లకు, అడిగినవాళ్లకు, కాగితం తెచ్చినవాళ్లకు పనిచేస్తాయి. రానివాళ్ల ఇంటికి వెళ్లి "ఎందుకు రాలేదమ్మా?" అని అడిగే మనిషి వాటిలో ఎక్కడా ఉండదు. అంగన్‌వాడీ టీచరు కొంతవరకు ఆ పని చేస్తుంది గానీ రిజిస్టర్లు, యాప్‌లు, సర్వేలతోనే ఆమెకు పొద్దుపోతుంది. స్థానిక సంస్థ విలువ సరిగ్గా అక్కడే ఉందని నా లెక్క. అది పంచే నోటుపుస్తకాల్లో ఆ విలువ వెతికితే దొరకదు.

పొదుపు సంఘం మీటింగు ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? పది పదిహేను మంది ఆడవాళ్లు, చాప, ఒక ఇనుప పెట్టె, అట్టలు ఊడిన తీర్మానాల పుస్తకం. ముందు హాజరు వేస్తారు. పంచసూత్రాలని చిన్నపిల్లల పాఠంలా అప్పజెప్పించేవాళ్లం: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా కట్టడం, లెక్కలు రాయడం. అందరి దృష్టీ డబ్బు మీదే ఉండేది, పైవాళ్లు అడిగేదీ సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోన్ల సంగతే. నేను మాత్రం హాజరు దగ్గర చెవి పెట్టేదాన్ని. "ఫలానామె రాలేదేంటి?" అంటే ఎవరో ఒకరు తల దించుకుని "వాళ్లాయన మళ్లీ తాగొచ్చి కొట్టాడంట" అనేవారు. లేదా "కూతుర్ని బడి మాన్పించారు, సంబంధాలు చూస్తున్నారు" అని బయటపడేది. ఏ ఆఫీసు కంప్యూటర్లోనూ లేని సమాచారం ఆ చాప మీద రెండు నిమిషాల్లో తెలిసేది. మీటింగు అయ్యాక ఇద్దరు ముగ్గురు బాకీ పొదుపు వసూలు పేరుతో ఆ ఇంటికి వెళ్లేవాళ్లు. పోలీసు వస్తే ఊరంతా గుప్పుమంటుంది. సంఘం ఆడవాళ్లు వస్తే గుమ్మంలో కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు. ఆ తేడా వల్ల ఎన్ని పెళ్లిళ్లు ఆగాయో లెక్కలు రాసుకోలేదు గానీ, ఆగినవి ఉన్నాయి. ఆడపిల్లకు 18, మగపిల్లాడికి 21 నిండాలని 2006 నాటి చట్టం ఉంది. చట్టం కంటే ముందు మేనత్తతోనో పెద్దమ్మతోనో మాట్లాడించగలిగిన మనిషి చేరుకోవాలి. ఆ మాట చెల్లకపోతే అప్పుడు 1098.

ఇదేదో ఈమధ్య పుట్టిన సంగతని అనుకోకండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత కార్యక్రమం కింద రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు, వర్ధినేని రోసమ్మ లాంటివాళ్లు, పలక మీద అక్షరాలు దిద్దుతూ తమ ఇళ్ల సంగతులు మాట్లాడుకున్నారు. కూలి డబ్బులన్నీ సారా కొట్టుకే పోతున్నాయని అందరికీ విడివిడిగా తెలుసు. ఒకచోట కూర్చున్నాకే అది తమ ఇంటి తలరాత కాదని తెలిసింది. ముందు వాళ్ల ఊళ్లో సారా కొట్టు మూతపడింది, 1992లో జిల్లా అంతా కదిలింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం, మళ్లీ 1997లో ఎత్తేయడం వేరే కథ. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత జరిగింది. మిగిలిన కూలి డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని అదే జిల్లాలో ఆడవాళ్లు పొదుపు గ్రూపులు కట్టారు. వాటికి పొదుపులక్ష్మి అని పేరు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఊరూరా కనిపించే సంఘాల వెనక ఆ రూపాయి కూడా ఉంది.

పిల్లల విషయంలో ఇంకో ఉదాహరణ మీ ఇంటికి దగ్గర్లోదే. 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్లు పనిలో ఉన్న పిల్లల్ని బడికి మళ్లించడం మొదలుపెట్టారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడి కిందే లెక్క అన్నది వాళ్ల సూత్రం. ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుని కూర్చున్న పిల్ల కూడా ఆ లెక్కలోకి వస్తుంది. పశువులు కాసే పిల్లాణ్ని తెచ్చి నేరుగా ఆరో తరగతిలో కూర్చోబెడితే ఉండడు కదా, అందుకని ముందు శిబిరంలో పెట్టి చదువు అందుకునేలా చేసి ఆ తర్వాత బడిలో చేర్పించేవాళ్లు. ఈ బ్రిడ్జి కోర్సు పద్ధతి తర్వాత దేశమంతా పాకింది. ఆ ఫౌండేషన్‌ను నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. బయటివాళ్లు శిబిరాల గురించే రాస్తారు. దగ్గర్నుంచి చూసినవాళ్లకు తెలిసింది వేరు. ఇంటింటికీ తిరిగి తండ్రినీ, పిల్లాణ్ని పనిలో పెట్టుకున్న ఆసామినీ ఒప్పించింది ఆ ఊరి కుర్రాళ్లే, వాళ్లలోనూ తమ ఇంట్లో మొట్టమొదట చదువుకున్నవాళ్లు ఎక్కువ. "మా నాన్నా ఇట్లాగే అన్నాడు పెద్దయ్యా" అని వాళ్లు చెప్తే నమ్మారు. హైదరాబాద్ నుంచి కారులో వెళ్లి మనం చెప్తే నమ్మేవాళ్లా?

ఇక పథకం ఉండీ అందకపోవడం ఎట్లా ఉంటుందో ఒక్క కేసు వివరంగా చెప్తాను, మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. మా బస్తీలో ఒకామె భర్త ఆటో నడిపేవాడు. బంధువుల పెళ్లికని వేరే జిల్లా వెళ్లి అక్కడే గుండెపోటుతో పోయాడు. ఇద్దరు పిల్లలు. ఈమె నాలుగిళ్లలో పనికి కుదిరింది. పెద్దవాడు ఎనిమిదో తరగతి మధ్యలో మానేసి మెకానిక్ షెడ్డుకు పోతున్నాడు. ఇలాంటి తల్లుల పిల్లల కోసమే మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది, బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. ఆమెకు ఆ పేరే తెలియదు. తెలిసినా లాభం లేదు, భర్త మరణ ధ్రువపత్రం లేదు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి, అదీ 21 రోజుల్లో. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. దహనం చేసి ఏడుస్తూ ఇంటికొచ్చిన మనిషికి ఇదంతా ఎవరు చెప్తారు?

మా సంస్థలో పనిచేసే అదే బస్తీ ఆవిడ ఒకతె ఆమెను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆ ఊరి పంచాయతీ సెక్రటరీ దగ్గరికి, రెవెన్యూ ఆఫీసుకు, పెళ్లివాళ్ల ఇంటికి సాక్ష్యం కోసం. పనిమనిషి సెలవు పెడితే ఆ రోజు జీతం కోత, ఒక ఇంట్లో అయితే పనే పోయింది. ఆ ఖర్చు, ఆ నష్టం ఏ పథకంలోనూ రాసి ఉండవు. ఆ కాగితం చేతికొచ్చాక ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి బోనఫైడ్, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు ఒక అక్షరం తేడా ఉంటే దాని దిద్దుబాటు. అప్పుడు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు. చివరికి మంజూరైంది. డబ్బు నెలనెలా టంచనుగా పడుతుందని మాత్రం నేను చెప్పను, బడ్జెట్ వచ్చినప్పుడు పడుతుంది. అయినా పిల్లాడు షెడ్డు మానేశాడు. ఓపెన్ స్కూల్లో పది కట్టించాం, పద్నాలుగేళ్లు నిండితే కట్టొచ్చు. ఈ మొత్తంలో సంస్థ తన జేబులోంచి ఇచ్చింది బస్సు చార్జీలు, జిరాక్సులు, ఒక మనిషి రోజులు. అంతే. కానీ అవి లేకపోతే సర్కారు డబ్బు సర్కారు దగ్గరే ఉండేది.

క్యారమ్ బోర్డు అన్నప్పుడు మీ మాటలో కాస్త వెటకారం వినిపించింది. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. పదిహేను, పదహారేళ్ల మగపిల్లల్ని "రండి, కౌన్సెలింగ్ ఇస్తాం" అని పిలిచి చూడండి, ఒక్కడూ రాడు. మత్తుపదార్థాలపై అవగాహన సదస్సు అని ఫ్లెక్సీ కడితే ఇంకా దూరం పోతారు. క్యారమ్ ఉందంటే వస్తారు. సాయంత్రం ఆరింటికి గది తెరవడం, తొమ్మిదింటికి మూయడం, రోజూ అదే మనిషి ఉండటం, ఇంతే పని. నెలల తరబడి ఏమీ జరిగినట్టు కనిపించదు. ఆ అన్న వాళ్లతో పాటు ఆడతాడు, ఓడిపోతాడు, ఎవడు నాలుగు రోజులుగా రాలేదో గమనిస్తాడు. ఒక రాత్రి గది మూసే వేళకు ఒకడు చెప్పులేసుకుంటూ ఆగిపోతాడు. "అన్నా, ఒక మాట."

ఈమధ్య ఆ మాట చాలాసార్లు లోన్ యాప్ గురించే. కుర్రాడు బెట్టింగులోనో కొత్త ఫోను మోజులోనో యాప్‌లో కొంత తీసుకుంటాడు, అది వారంలో రెట్టింపవుతుంది. కాంటాక్టులన్నీ లాగేసి అక్క ఫొటో మార్ఫింగ్ చేసి పంపుతామని బెదిరిస్తారు. తండ్రికి చెప్తే చంపేస్తాడన్న భయం, అందులో పడి ఎంత ఘోరం జరుగుతుందో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఆ అన్న చేసేది ఏంటంటే, ముందు కూర్చోబెట్టి అన్నం తినిపిస్తాడు. స్క్రీన్‌షాట్లు దాచిపెట్టిస్తాడు, ఇంకో రూపాయి కట్టొద్దంటాడు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి ఫిర్యాదు పెట్టిస్తాడు. పిల్లాడు మరీ కుంగిపోయి ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. తర్వాత తండ్రికి తనే చెప్తాడు. ఈ నంబర్లన్నీ గూగుల్‌లో ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. అర్ధరాత్రి ఆ టెన్షన్‌లో ఉన్నవాడు నంబరు వెతుక్కోడు, మనిషిని వెతుక్కుంటాడు.

ఆడపిల్లలకు క్యారమ్ గది లాంటి చోటు దాదాపు ఎక్కడా లేదు. ట్యూషన్ పేరు చెప్తేనే ఇంట్లోంచి బయటికి పంపుతారు. మీ పక్క సంస్థలో సాయంత్రం ట్యూషన్‌కు పెద్ద ఆడపిల్లలు వస్తున్నారంటే ఆ తల్లులు వాళ్లను నమ్మారని అర్థం. ఆ నమ్మకం నేను చెప్పే అన్ని కొలతల కంటే గట్టిది.

ఇక చేదు సంగతులు. స్థానికం అయినంత మాత్రాన మంచిదని నేను అనను. ఊరు ఎంత దగ్గరగా ఉంటుందో అంత గట్టిగా నోరు నొక్కుతుంది కూడా. భర్త కొడుతున్నాడని ఒకామె వస్తే "సర్దుకుపో, పిల్లల మొహం చూడు" అని పెద్దమనుషుల పంచాయితీ పెట్టి ఇంటికి పంపిన సంఘాలను నేను చూశాను. పిల్లల మీద లైంగిక నేరం జరిగితే పరువు పేరుతో నొక్కేసినవాళ్లనూ చూశాను. అది తప్పు మాత్రమే కాదు, పోక్సో చట్టం ప్రకారం తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం నేరం. సంఘాల్లో ఏళ్ల తరబడి ఒకే లీడరు, ఒకే కులం, ఒకే వీధి. మీటింగులకు జనం కావాలంటే ఏ పార్టీ అయినా ముందు డ్వాక్రా ఆడవాళ్లకే కబురు పెడుతుంది. రాకపోతే లోను ఆగుతుందని ఎవరూ నోటితో అనరు, అయినా అందరికీ అర్థమవుతుంది. కొన్నిచోట్ల ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, సంఘం బాకీకి మైక్రోఫైనాన్స్, దాని బాకీకి వడ్డీ వ్యాపారి. 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్సు దాకా వెళ్లిన గొడవ అదే. ఆ రోజుల్లో ఆ కంపెనీలవాళ్లు వారం వారం గుమ్మంలో కూర్చుని వసూలు చేసినప్పుడు వాడుకున్నది కూడా ఈ గ్రూపు పద్ధతినే, తోటివాళ్ల ముందు పరువు పోతుందన్న భయాన్నే. దుప్పట్లు పంచి ఫొటో దిగే సంస్థల గురించి మాట్లాడి టైం వృథా చేయను.

అందుకని మీరు ఒకటికి రెండుసార్లు వెళ్లి చూడండి. రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, తప్పులేదు. మన సొసైటీల చట్టం 2001 నాటిది, ఏడుగురుంటే సొసైటీ పెట్టొచ్చు, కాబట్టి కాగితం ఉండటం పెద్ద గొప్పేం కాదు. 80జీ రసీదు మీ పన్ను కోసం, వాళ్ల మంచితనానికి రుజువు కాదు. నేనైతే కమిటీలో బస్తీవాళ్లు ఎంతమంది, గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది అని చూస్తాను. పోయిన ఏడాది లెక్కలు అడిగితే చిరాకు పడతారా, పుస్తకం తీస్తారా అన్నది కూడా తెలుసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా "ఈమధ్య రావడం మానేసినవాళ్లు ఎవరు, వాళ్ల విషయం ఏం చేశారు?" అని అడుగుతాను. దీనికి పేరుతో కాకపోయినా ఒక ఇంటి సంగతి వివరంగా చెప్పగలిగితే అది పనిచేసే సంస్థ. "మా దగ్గర 300 మంది లబ్ధిదారులున్నారు" అని జవాబొస్తే టీ తాగి వచ్చేయండి.

డబ్బా, టైమా? మీకు వీలైతే డబ్బు ముందు. బ్యాగులకు, కేకులకు, పుట్టినరోజు భోజనాలకు మాత్రం ఇవ్వకండి, వాటికి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. గది అద్దె, కరెంటు బిల్లు, ఇంటింటికీ తిరిగే ఆ బస్తీ ఆవిడ జీతం, వీటికి ఎవరూ ఇవ్వరు. దాతలందరూ ప్రాజెక్టుకి ఇస్తాం గానీ జీతాలకి ఇవ్వం అంటారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. బస్సెక్కి వేరే జిల్లా వెళ్లిన మనిషే కదా అసలు ప్రాజెక్టు! నెలకు ఇంత అని ఏడాదికి ఒప్పుకోండి, చిన్న మొత్తమైనా సరే. అద్దె భయం లేని సంస్థ ఫ్లెక్సీల వెంట పరిగెత్తదు.

టైం ఇవ్వాలనుకుంటే జూన్‌లో ఇవ్వండి. బడులు తెరిచే రోజుల్లో కుల ధ్రువపత్రం, ఆదాయం, టీసీ, అడ్మిషన్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు అన్నీ మీద పడతాయి. మీసేవ దగ్గర క్యూ, సర్వర్ డౌన్, తప్పు అప్‌లోడ్ చేస్తే దరఖాస్తు తిరస్కరణ. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానన్నారు కదా, ల్యాప్‌టాప్ పట్టుకుని రెండు శనివారాలు కూర్చోండి చాలు. మోటివేషన్ స్పీచ్ మాత్రం దయచేసి వద్దు. మిగతా ఏడాదంతా వెళ్తానంటే వారానికి ఒకే రోజు, అదే వేళకు వెళ్లండి, రాలేనప్పుడు ముందే చెప్పండి. ఆ పిల్లల్లో కొందరికి చెప్పకుండా మాయమైపోయే పెద్దవాళ్లు అలవాటే, ఆ లిస్టులో మీరూ చేరకూడదు.

మీ అమ్మాయిని తీసుకెళ్లండి. ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలకు లెక్కలు చెప్పమనండి, టీచర్ల కంటే అక్కల దగ్గర వాళ్లు త్వరగా నోరు విప్పుతారు. మొదటి నెల మీరు కూడా అదే గదిలో ఓ మూల కూర్చోండి. తలుపు తెరిచే ఉండాలి, పెద్దవాళ్లెవరూ ఏ పిల్లతోనూ విడిగా గదిలో ఉండకూడదు. సంస్థకు ఈ నియమం ముందే ఉందో లేదో అడగండి, లేకపోతే పెట్టమనండి. ఏ పిల్లైనా తన ఇంటి సంగతి ఏదైనా చెప్తే మీ అమ్మాయి దాన్ని ఫ్రెండ్స్‌తో గానీ ఇన్‌స్టాలో గానీ పంచుకోకుండా ఆ సంస్థ అక్కకే చెప్పాలి. పిల్లల ఫొటోలు తీయొద్దు. ఫిబ్రవరి, మార్చిలో తన పరీక్షలుంటాయి కదా, ఆ రెండు నెలలు రానని జనవరిలోనే పిల్లలకు చెప్పి, మళ్లీ ఏ రోజు వస్తుందో గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టమనండి.